మాస్కు దించి చదవండి

మా అక్క చేసిన చివరి మామూలు పని ఒక పార్శిల్‌కు ముడి వేయడం. భోజనాల బల్ల మీద గోధుమరంగు కాగితం పరిచి, పదకొండు జవాబు పత్రాలు, పదకొండు మార్కుల షీట్లు పేర్చి, మడతలు గోటితో నొక్కి, పురికొస చుట్టింది. "ఏమే, ఇక్కడ వేలు పెట్టు" అంది. పెట్టాను. నా వేలుతో సహా ముడి బిగించేసి, "ఇక నువ్వు కూడా పోస్టులో పోతావు, నాకు పీడా వదులుతుంది" అని నవ్వింది. నేను వేలు లాక్కున్నాను. పోస్టాఫీసు నాలుగింటికే మూసేస్తున్నారని హడావిడిగా చెప్పులు తొడుక్కుని వెళ్ళింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని ఫ్యాను తగ్గించమంది. చలిగా ఉందంది.

అది మండు వేసవి. పంతొమ్మిదో రోజుకు మా అక్క లేదు.

అక్క వయోజన విద్యా కేంద్రం నడిపేది. లైబ్రరీ మేడ మీద రెండు గదులు, వాటి ముందు పొడుగాటి వరండా. పగలంతా పని చేసి సాయంత్రం ఆరింటికి వచ్చేవాళ్ళు. బెంచీలు ఏదో బడివాళ్ళు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నవి, చిన్నపిల్లలవి. పెద్ద పెద్ద మనుషులు మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకుని కూర్చుని 'అ' దిద్దుతుంటే చూసి నేను నవ్వితే, అక్క నన్ను బయటికి తోలేసేది. వచ్చినవాళ్ళలో సగం మందికి దగ్గరి చూపు ఆనదని మొదటి వారంలోనే తేలేది. అందుకని బల్ల మీద ఒక చెప్పుల డబ్బా, అందులో రకరకాల పవర్ల చత్వారం కళ్ళద్దాలు, ఒక్కోదానికి అంటించిన చీటీ. ఎవరికి ఏది సరిపోతే అది పెట్టుకుని పాఠం అయ్యాక మళ్ళీ డబ్బాలో వేసి పోవాలి. ఎవరు మాట్లాడినా అక్క రెప్ప వేయకుండా వాళ్ళ మొహంలోకే చూసేది. బడిపంతులమ్మ చూపు అని నేను వెక్కిరించేదాన్ని.

ఆ ఏడాది చేరిన పదకొండు మందీ ఒకే ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళు. లిఫ్టు నడిపేవాళ్ళు, వంటగదిలో పాత్రలు తోమేవాళ్ళు, గేటు దగ్గర వాచ్‌మన్ తాత, దుప్పట్లు ఉతికే లాండ్రీ ఆవిడ. జూన్ నెలాఖరులోగా ప్రాథమిక చదువు సర్టిఫికెట్ తేనివాళ్ళను పనిలోంచి తీసేస్తామని ఆస్పత్రివాళ్ళు గోడకు కాగితం అంటించారట. దాన్ని పీక్కుని అక్క దగ్గరికి తెచ్చింది లాండ్రీ ఆవిడే, అందులో ఏముందో చదివి పెట్టమని.

"చదువు రానివాళ్ళను తీసేస్తామని, చదువు రానివాళ్ళు చదువుకోడానికి కాగితం అంటించారమ్మా. వాళ్ళకెవరు పెట్టారు పరీక్ష?" అన్నాడు వాచ్‌మన్ తాత.

లాండ్రీ ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. మంచం మీదున్న అత్త, ఇద్దరు ఆడపిల్లలు ఆ జీతం మీదే బతుకుతున్నారు. "నాకు వస్తుందా మేడమ్?" అని రోజూ అడిగేది. "దుప్పటి జాడించినట్టు జాడించు ఆ పేరాని, ఎందుకు రాదో చూద్దాం" అనేది అక్క.

అంతలో ఊళ్ళోకి జబ్బు వచ్చింది. కేంద్రానికి తాళం పడింది. మా ఎదురింటి గేటుకు ఎర్ర రిబ్బను కట్టి పోయారు. ఆ ఇంట్లో మనుషులు కిటికీలోంచి మమ్మల్ని చూస్తుండేవాళ్ళు. ఒకరోజు చూడటం మానేశారు. నేను తలుపు గడియలు, నల్లాలు, పాల ప్యాకెట్లు అన్నీ సబ్బునీళ్ళతో తుడిచేదాన్ని. గంటకోసారి ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. నలభై దాకా బిగబట్టగలిగితే జబ్బు లేనట్టేనని ఎవరో చెప్పారు. ముప్పై ఎనిమిదికి గుండె దడదడలాడేది. వీధిలో ఎవరు దగ్గినా, అది పొడి దగ్గా తడి దగ్గా అని చెవులు రిక్కించేదాన్ని. అక్క మాత్రం ఫోను బల్ల మీద నిలబెట్టుకుని పాఠాలు చెప్పేది. ఎవరైనా మామూలుగా ఫోను చేస్తే కట్ చేసి వీడియో కాల్ చేసేది. "మొహం కనపడకుండా పాఠమేంటే?" అనేది.

మే నెలలో పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రాత పరీక్ష దూరం దూరంగా కూర్చోబెట్టి పెట్టాలి, లేదా పేపరు ఇంటికే పంపొచ్చు. చదివే పరీక్ష ఈ ఒక్కసారికి ఫోన్లో పెట్టుకోవచ్చు. వీడియో మధ్యలో తెగిపోతోంది కాబట్టి మామూలు కాలే చేయాలి. అభ్యర్థి ఒక పేరా చదవాలి, టీచరు విని మార్కులు వేయాలి. అది చదివి నేను అక్క చేతులు పట్టుకుని గిరగిరా తిప్పాను. ఎవరూ ఎవరి మొహంలోకీ ఊపిరి వదలక్కర్లేదు!

అక్క ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"ఫోన్లో కుదరదు. వాళ్ళనే రమ్మంటాను."

"ఎందుకు కుదరదు? కుదురుతుందని వాళ్ళే రాశారుగా!"

"పక్కనెవరో అందిస్తుంటే నాకెలా తెలుస్తుంది?"

"అందించనీ! నీ సొమ్మేం పోయింది?"

"ఒక్కరిది దొంగ పాసని తేలితే పదకొండు మందివీ చెల్లవంటారే ఆస్పత్రివాళ్ళు. వంక కోసమే చూస్తున్నారు."

"అక్కా, వాళ్ళు వచ్చేది ఆస్పత్రి నుంచి. ఆ దుప్పట్లు ఎవరివో నీకు తెలీదా?"

పుట్టి బుద్ధెరిగాక అక్క నోట ఎన్నడూ వినని మాట ఆ రోజు విన్నాను. "నాకు భయం లేదనుకుంటున్నావా?" అంది. "చాలా ఉంది. కానీ వేరే దారి లేదు."

దారి ఉత్తరంలో రాసి ఉంది కదా అని అరిచాను. మొండిదానివన్నాను. రూల్సు పట్టుకుని వేలాడి చస్తావన్నాను. ఆ మాట నేనే అన్నాను.

పరీక్ష రోజు నేనూ వెళ్ళాను. ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పలేదు. వరండాలో ఆరడుగులకొక కుర్చీ వేసి, పక్కన సుద్దతో గీత గీశాం. జ్వరం చూసే మిషను నా చేతిలో ఉంది. ఒక్కొక్కరి నుదుటికి ఎదురుగా అది పట్టుకుని, అంకె రెండేసి సార్లు చూసేదాన్ని. రాత పరీక్ష చకచకా అయిపోయింది. పదకొండు మంది తలలు వంచుకుని రాస్తుంటే, కింద వీధిలో అంబులెన్సు పోయినప్పుడల్లా పదకొండు కలాలు ఆగిపోయేవి. అది పోతున్నది వాళ్ళ ఆస్పత్రికే.

చదివే పరీక్ష లోపలి గదిలో, ఒక్కొక్కరికే. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మూడో మనిషి నోరు విప్పితే పరీక్ష రద్దు.

వాచ్‌మన్ తాత ముందు వచ్చాడు. మాస్కు మీద కళ్ళద్దాలు పెట్టుకోగానే ఆవిరి కమ్మేసింది. "నాకు అక్షరాలు కనపడటం లేదమ్మా, అక్షరాలకి నేను కనపడుతున్నానేమో కనుక్కోండి" అన్నాడు. నాకు ఉపాయం తెలుసు. అద్దాలకు పొడి సబ్బు రుద్ది, గుడ్డతో తుడిచి ఇచ్చాను. ఆవిరి పట్టడం ఆగిపోయింది. హమ్మయ్య, ఇక మాస్కు తీయక్కర్లేదు అనుకున్నాను.

"మాస్కు దించి చదవండి" అంది అక్క.

"వద్దులెండమ్మా, మీకేమన్నా అయితే..."

"దించండి తాతా. ఆ మీసం చూసి ఎన్నాళ్ళయిందో."

తాత నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అయినా ఆయన దించాడు. అక్క కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, ఆయన నోటి వైపే చూస్తూ కూర్చుంది. కిటికీలు బార్లా తెరిచే ఉన్నాయి. గాలి మాత్రం ఆకు కదలనంత బిగుసుకుపోయింది. పదకొండు మంది చేతా అలాగే చదివించింది. ప్రతిసారీ ఆ రెండు మొహాల మధ్య దూరాన్ని నేను కళ్ళతోనే కొలిచాను. మొదట్లో రెండు బారలు. తర్వాత బారెడు. చివరికి వచ్చేసరికి చెయ్యి చాపితే అందేంత.

చివరిది లాండ్రీ ఆవిడ. పేరా ఒక మందు సీసా మీద రాసినట్టుగా ఉంది. "భోజనం తర్వాత ఒక మాత్ర వేసుకోవాలి" అని ఒక్కొక్క అక్షరం మీద వేలు ఆనించి చదివింది. "మూడు రోజుల్లో తగ్గకపోతే..." అని ఆగింది. దగ్గింది. చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ దగ్గింది.

"పొలమారింది మేడమ్. ఒట్టు, పొలమారింది అంతే."

"నీళ్ళు తాగు. తొందరేం లేదు. మళ్ళీ మొదటినుంచి చదువు."

నాకు అరవాలనిపించింది. నేను ఒక్క మాట మాట్లాడితే ఆవిడ పరీక్ష పోతుంది, పరీక్ష పోతే ఆవిడ ఇల్లు పోతుంది. చేతిలో మిషను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అక్క ఇంకా ముందుకు వంగింది. లాండ్రీ ఆవిడ మొదటినుంచి మొదలుపెట్టి, "వైద్యుని సంప్రదించండి" దాకా తడబడకుండా చదివేసి, ఆ కుర్చీలోనే కూలబడి ఏడ్చింది.

ఇంటికొచ్చే దారంతా అక్క పది అడుగులు ముందు, నేను వెనక.

అక్కకు ఎవరి నుంచి అంటుకుందో తెలీదు. ఆ పదకొండు మందిలో ముగ్గురికి తర్వాత జబ్బు ఉన్నట్టు తేలింది. ఆ ముగ్గురిలో లాండ్రీ ఆవిడ లేదు. కూరల బండి కావచ్చు, కిరాణా కొట్టు కావచ్చు. నేను మాత్రం నెలల తరబడి ఆ దగ్గునే వింటూ కూర్చున్నాను.

జ్వరం వచ్చిన ఐదో రోజు మధ్యాహ్నం అక్కను అదే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నన్ను గేటు దగ్గరే ఆపేశారు. ఆపింది వాచ్‌మన్ తాతే. "లోపలికి పంపితే నా ఉద్యోగం పోతుంది తల్లీ" అని కళ్ళు తుడుచుకున్నాడు. అక్క చక్రాల కుర్చీలోంచి వెనక్కి తిరిగి చూసింది. నేను మాస్కు లోపలినుంచి ఏదో అరిచాను. భయపడకు అనో, ఫోను చెయ్యి అనో. ఆవిడ జవాబు చెప్పలేదు. చెయ్యి ఊపింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. మోగుతుంటే కట్ చేసేసేది. కాసేపటికి మెసేజ్ వచ్చేది: "బాగానే ఉన్నాను. నువ్వు తిను." "ఆక్సిజన్ పెట్టారు. కంగారు పడకు." వీడియో కాల్ చేద్దామంటే వార్డులో దానికి సరిపడా సిగ్నల్ లేదు. ఫోనెత్తి ఒక్క మాట మాట్లాడటానికేం అని ఏడ్చాను. వేలాడి చస్తావన్న మాట మనసులో పెట్టుకుందనుకున్నాను. పద్నాలుగు రోజులు అలాగే అనుకున్నాను. చివరి మెసేజ్ "పేపర్లు చేరాయో లేదో పోస్టాఫీసులో కనుక్కో" అని.

పేపర్లు చేరాయి. పదకొండు మందీ పాసయ్యారు.

నెలన్నర తర్వాత లాండ్రీ ఆవిడ మా ఇంటికి వచ్చింది. గేటు అవతలే నిలబడి, ప్లాస్టిక్ కవర్లోంచి సర్టిఫికెట్ తీసి నాకు కనపడేలా పట్టుకుంది. ఉద్యోగం నిలబడిందని చెప్పింది. నేను అభినందించాలి. నా నోట వచ్చింది వేరే మాట.

"ఆ రోజు మాస్కెందుకు దించావు? ఆవిడ దించమంటే మాత్రం, ఆస్పత్రిలో పనిచేసేదానివి, నీకు తెలీదా?"

ఆవిడ మొహం పాలిపోయింది.

"దించకపోతే మేడమ్‌కి ఎలా తెలుస్తుందండీ, మేమేం చదువుతున్నామో?"

"అంటే?"

"పెదాలు చూడాలి కదండీ. ఎడమ చెవి అసలు వినపడదు, కుడిది సగమే. ఫోన్లో అయితే ఒక్క ముక్క కూడా అర్థం కాదన్నారు. అద్దాలు పెట్టుకోడానికి మేం సిగ్గుపడుతుంటే, క్లాసులో మొదటిరోజే చెప్పేశారు. మీకు చూపు ఆనదు, నాకు వినపడదు, సరికి సరి అని." ఆవిడ సర్టిఫికెట్‌ను మళ్ళీ కవర్లో పెట్టుకుంటోంది. "వార్డులో అందరూ మొహాలు మూసుకునే మాట్లాడతారు కదా. పాపం ఏమీ అర్థమయ్యేది కాదు. దుప్పట్లు మార్చడానికి వెళ్ళినప్పుడు, నర్సమ్మ చెప్పింది నేనే కాగితం మీద రాసి చూపించేదాన్ని. బోర్లా పడుకోండి అని, మందు వేసుకోండి అని."

నేను గేటు పట్టుకున్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ కవరు మడిచి చంకలో పెట్టుకుంది.

"మా చెల్లికి తెలియనివ్వకండి, అది ఊరికే భయపడుతుంది అన్నారండీ."