మర కడిగిన పిండి

మా ఇంట్లో చేపల వేపుడు ఇంత బాగా ఎలా కుదురుతుందని ఎవరడిగినా మా అత్త ఒకటే మాట చెప్పేది. "సేప సముద్రానిది, సెయ్యి నాది." పొయ్యి దగ్గర నిలబడి నూనె చిటపటలు భరించేది నేను. అయినా నా చేతి ప్రస్తావన ఏనాడూ వచ్చేది కాదు. నాకేమో ముక్కు మీద కోపం. గరిటె కాస్త గట్టిగా పెట్టేదాన్ని, ఆవిడ కాస్త గట్టిగా నవ్వేది. ఆ రుచి మా ఇద్దరి చేతుల్లోనూ లేదని తేలేసరికి మా అమ్మాయి కాలేజీకొచ్చింది.

మాది సముద్రం మధ్య దీవిలో ఉన్న బ్రూక్షాబాద్‌లో మసాలాలు ఆడే మర. ఇక్కడందరూ చక్కీ అంటారు. మామగారు శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వేటకోసమని ఓడెక్కి వచ్చి, వల కంటే మోటారు మీద మోజు పెంచుకుని, అత్తతో కలిసి ఈ మర పెట్టారట. మర గది ముందు వరండాలో ఒక పొడుగాటి బల్ల వేశారు. ఆడవాళ్ళు ఎవరి దినుసులు వాళ్ళు ఇంట్లో వేయించుకుని, డబ్బాల్లో పోసుకుని వచ్చి, వంతు వచ్చేదాకా ఆ బల్ల మీద కూర్చునేవారు. ఎదురింటి బెంగాలీ దీదీ ఆవాలూ జీలకర్రా ఎండుమిర్చీ తెచ్చేది. పక్క సందులో తమిళ అక్క ధనియాలూ మెంతులూ మిరియాలూ కందిపప్పూ తెచ్చేది. మలయాళీ టీచరమ్మ తెచ్చిన డబ్బా మూత తీస్తే లవంగాల ఘాటు వీధి చివరికి వెళ్ళేది. బల్లకి ఎడమ చివర మా అత్త కూర్చునేది. మామగారు పోయాక కూడా ఆ చోటు మారలేదు. పొద్దున్న కాఫీ గ్లాసుతో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే గానీ లేచేది కాదు.

మర నడిపేవాళ్ళకి ఒక పద్ధతుంది. ఒకరి పొడి ఆడాక, రెండోవారిది పోసే ముందు గుప్పెడు బియ్యం వేసి ఆడాలి. అలా చేయకపోతే అక్క సాంబారు పొడిలో దీదీ ఆవాల వాసన దిగుతుంది, ఇద్దరికీ యుద్ధం మొదలవుతుంది. మరలో మిగిలిన మసాలానంతా ఊడ్చుకుని ఆ బియ్యప్పిండి ఎర్రగానో పచ్చగానో బయటికొస్తుంది. దాన్ని ఒక డబ్బాలోకి దులిపేవాళ్ళం. "బియ్యం మనవి, పిండీ మనదే" అనేది మా అత్త. సాయంత్రానికి ఆ డబ్బాలో వీధి వీధంతా చేరేది. ఇందులో వింతేముంది, మర ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇంతేననుకునేదాన్ని. వంజరం ముక్కలు ఆ పిండిలో దొర్లించి వేయించేవాళ్ళం.

కాలం మారింది. మెయిన్‌లాండ్ నుంచి ఓడ వచ్చిందంటే చాలు, దుకాణాల్లో రంగురంగుల మసాలా పొట్లాలు వేలాడేవి. చికెన్‌కొకటి, చేపకొకటి, పెసరట్టు మీద చల్లుకోవడానికి కూడా ఒకటి. కొత్త కోడళ్ళు డబ్బా పట్టుకుని నడిచిరావడం నామోషీ అనుకున్నారు. బల్ల మీద జనం పలచబడ్డారు. ఈగలు తోలుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. మనమూ పొట్లాలు కడదామని నేను, ఎవరు కొంటారని అత్త. రోజూ ఇదే పాట.

ఆ సమయంలో మా ఆయన అన్నం క్యారేజీ మా దారి మార్చింది. ఆయన దీవుల మధ్య తిరిగే పడవలో ఇంజిన్ పని చేస్తాడు. క్యారేజీలో పెట్టిన చేప ముక్క ఆయన నోటికి చేరేలోపే పడవలో నలుగురి నోళ్ళు దాటేది. ఆ నలుగురిలో ఒకడి బావమరిది గోల్ ఘర్‌లో భోజనాల హోటల్ నడుపుతాడు. ఒకరోజు స్కూటర్ మీద మా వాకిట్లోకి వచ్చేశాడు. "దీదీ, వో ఫిష్ ఫ్రై కా మసాలా మిలేగా?" అన్నాడు. డబ్బా చూపించాను. చిటికెడు నాలుక మీద వేసుకుని, ఇది ప్రతి వారం నాకు పొట్లాలు కట్టి ఇవ్వమన్నాడు. డబ్బాలో ఉన్నదంతా అప్పుడే పట్టుకుపోయాడు కూడా.

ఇంక నన్ను పట్టగలరా? పరిశ్రమ పెడుతున్నంత హడావిడి చేశాను. మెరిసిపోయే కొత్త స్టీలు మిషన్ తెప్పించాను. మూత విప్పి బ్రష్‌తో తుడిస్తే చాలు, బియ్యం వేసి కడిగే పనే లేదు. కారం ఒక రోజు, పసుపు ఒక రోజు, ధనియాల పొడి ఇంకో రోజు. చేపల వేపుడు పొడికి బియ్యప్పిండిలో మంచి కారం, ధనియాల పొడి, గరం మసాలా కొలిచి కలిపాను. పాత మర వెనక వసారాలోకి వెళ్ళింది. వీధిలో వాళ్ళ డబ్బాలు ఆడే తీరిక లేదు గనుక వద్దని చెప్పేశాను. పొట్లాల ర్యాక్ పెట్టడానికి వరండాలో చోటు కావాలి. బల్ల తీయించాను.

"బల్ల తీసీసినావా?" అంది అత్త. "మరి నానెక్కడ కూకోవాలే?"

"లోపల ఫ్యాన్ కింద కుర్చీ వేశానుగా అత్తా. హాయిగా కూర్చో."

"ఫేను నాతో మాటాడతాదేటి?"

నేను ర్యాక్‌లో పొట్లాలు సర్దడం మొదలుపెట్టాను. కొత్తొక వింత, పాతొక రోత అని ఎవరైనా అని ఉంటే వాళ్ళ మీద ఒంటికాలి మీద లేచేదాన్ని. అత్త లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆ తరవాత ఆవిడ నోటి నుంచి అవును, కాదు, ఆకలేస్తంది అన్న మూడే మాటలు. రోజంతా వాగే మనిషి మూగబోతే ఇల్లెలా ఉంటుందో నేను చెప్పలేను. కూరలో ఉప్పెక్కువైనా తిట్టేది కాదు. నాకు భయం వేసింది.

అదొకటి చాలదన్నట్టు హోటలాయన వచ్చాడు. పొడి మునుపటిలా లేదట, తినేవాళ్ళు అడుగుతున్నారట. "అగ్‌లే హఫ్తే భీ ఐసా హీ రహా తో ఛోడో దీదీ" అని, పై వారమూ ఇంతే అయితే ఇక వద్దని మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నాడని నాకు ఇంకా మండింది. ఆ రాత్రి వేయించి తిన్నాను. బాగానే ఉంది. బాగానే ఉందంతే. మెయిన్‌లాండ్ పొట్లాలు కూడా అలాగే బాగుంటాయి. మరి వాటిని వదిలి నా దగ్గరకెందుకు రావాలి?

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఓడలో మిరపకాయలు చెమ్మగిల్లాయన్నాను. బియ్యం పాతవన్నాను. ధనియాలు మార్చాను, లవంగాలు పెంచాను. మా అమ్మాయి తుమ్ముతూ పక్కనే నిలబడి, "మమ్మీ, మిషన్‌కి దిష్టి తగిలిందేమో" అంది. దానికీ రెండు తగిలించాను, మాటలే లెండి.

ఒక పొద్దున్న ఎదురింటి దీదీ డబ్బా పట్టుకుని వచ్చింది. మనవరాలి అన్నప్రాశన. అతిథులకి చేపల కూర పొట్లం మసాలాతో చేస్తే ఇంటి పరువు పోతుందట. "బస్ ఆజ్ కే లియే" అంటూ, ఈ ఒక్క రోజుకేనని బతిమాలుతూ నిలబడింది. నా నోట్లో కాదన్న మాట సిద్ధంగా ఉంది. కానీ మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్నది ఆ దీదీయే. సణుక్కుంటూనే వసారాలోని పాత మరకి కరెంటు తగిలించాను. కొత్త మిషన్‌లో పోస్తే ఆవాల వాసన అంటుకుంటుందని నా భయం. మర చప్పుడు విని తమిళ అక్క పరుగెత్తుకొచ్చింది. "ఆమెకి ఆడితే నాకూ ఆడాలి, న్యాయం న్యాయమే" అని తన డబ్బా పెట్టేసింది. ఆ వెనకే టీచరమ్మ. తిట్టుకుంటూ అందరివీ ఆడాను. ఒకరికీ ఒకరికీ మధ్య చెయ్యి దానంతటదే గుప్పెడు బియ్యం వేసింది. పిండి వృథా చేయడం ఎందుకని మధ్యాహ్నం దాంట్లోనే చేప ముక్కలు దొర్లించాను.

మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను. నమలడం ఆపేశాను. అదే రుచి. ముందు ఆవాల చురుకు, దాని వెనక మెంతుల చేదు కొంచెం, ఆఖర్న గొంతులో లవంగం. ఎంత కొలిచినా రానిది, తిట్టుకుంటూ చేస్తే వచ్చేసింది. నా పొడిలో అన్నీ ఉన్నాయి, వీధి తప్ప.

అత్త కూడా తింటోంది. నా వైపు చూడలేదు. కంచం కొంచెం ముందుకు తోసి, "ఇంకోటెయ్యి" అంది. చాలా రోజులకి ఆవిడ నోట నాలుగో మాట విన్నాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారమని అబద్ధం చెప్పాను.

చేతులు కడుక్కుని నేనూ మా అమ్మాయీ కలిసి ర్యాక్ లోపలికి లాగాము, బల్ల వరండాలోకి ఈడ్చాము. తప్పు నాదని నేనిప్పటికీ ఒప్పుకోను, తప్పు ర్యాక్‌ది. "అత్తా, బల్ల వేశాను, రా" అని కేకేశాను.

"నాకు ఫేను కిందే బాగుంది" అని లోపల్నుంచి జవాబు.

సరే, బెట్టు చేయనిమ్మని వదిలేశాను. నాకు వేరే చిక్కు వచ్చి పడింది. హోటలుకైనా దుకాణానికైనా అమ్మాలంటే పొట్లంలో ఏమేం ఉన్నాయో పైన ముద్ర వేయాలి. లేబుళ్ళు చేసేది మా అమ్మాయి. "మమ్మీ, ఏం రాయను? ఆరోజు వీధిలో వాళ్ళు తెచ్చినవి అని రాయనా?" అంది. నవ్వొచ్చింది గానీ, నవ్వితే లేబుల్ తయారవదు. పైగా ఎవరో ఒకరోజు వస్తారు, ఒకరోజు రారు. వాళ్ళ పొడులు రోజూ మనమే ఆడితే? ఒక్కొక్కరి మసాలా ఒక్కొక్క పొట్లంగా మనమే అమ్మితే? అప్పుడు మధ్యలో పడే బియ్యంలో ఏముందో మనకి తెలుసు, ముద్రా వేయొచ్చు.

దీదీని అడిగితే అనుమానంగా చూసింది. "హమారా మసాలా హమ్ కో హీ బేచోగీ?" అంది. అమ్మేది మీకు కాదు, ఊరికి, లాభంలో మీకూ వాటా, వేయించడం మీ చేత్తోనే అన్నాక మెత్తబడింది. అక్క మాత్రం తన పొట్లం మీద తన ఊరి పద్ధతి అని రాయాలంది. రాయించాను. అలా దీదీ ఆవాల చేప మసాలా, అక్క తన ఊళ్ళో కుళంబు పొడి అనే సాంబారు పొడి, టీచరమ్మ లవంగాల మసాలా, మా అత్త చింతపండు పులుసు పొడి వచ్చాయి. తెలుగు మాటలు నేను కాగితం మీద రాసిస్తే మా అమ్మాయి ముగ్గేసినట్టు చూసి దించింది. అది తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం ఫోన్ వైపు చూస్తుంది.

పాత మరని మళ్ళీ మర గదిలోకి తెచ్చాము. మొదటి రోజునే గొడవ. మర శుభ్రంగా ఉన్నప్పుడు ముందు నాది పడాలని దీదీ, కాదు నాదని అక్క. దీదీ హిందీలో అరుస్తుంది, అక్క తమిళంలో తిడుతుంది. నేను మధ్యలో దూరి రెండు భాషల్లోనూ తిట్లు తిన్నాను. అంతలో లోపల కుర్చీ కాళ్ళు గీసుకున్న చప్పుడు వినిపించింది. అత్త బయటికొచ్చింది.

"ఏటా గోల? కూకోండి ఇద్దరూ" అంది. ఇద్దరూ కూర్చున్నారు. "ముందు పులుసు పొడి. ఆ ఎనక నువ్వు. ఆ ఎనక నువ్వు. టీచరమ్మది ఆఖర్న, నవంగాల వోసన ఓ పట్టాన వదల్దు." ముందు పడేది ఆవిడ పొడే అని ఎవరూ గమనించనట్టు ఊరుకున్నారు. ఆ మాట చెప్తూనే వెళ్ళి బల్లకి ఎడమ చివర కూర్చుంది. "ఏటే, కాఫీ లేదేటి ఈ ఇంట్లో?" అని నన్ను అరిచింది. ఆ అరుపు నాకెంత హాయిగా ఉందో. పంచదార ఎక్కువేసి తెచ్చాను, ఎక్కువేశావని మళ్ళీ తిట్టింది.

ఇప్పుడు మా పొట్లాలు లంబాలైన్ దుకాణాల్లో కూడా వేలాడుతున్నాయి. ఊరెళ్ళేవాళ్ళు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తూ ఆగి కొనుక్కుంటున్నారు. పొద్దున్న పూట ఎవరి డబ్బాలు వాళ్ళు తెచ్చుకున్నా ఆడతాము. అన్నిటికంటే ముందు అయిపోయేది వేపుడు పొడే.

మొన్న హోటలాయన మళ్ళీ వచ్చాడు. ఆయన ఇంకో చోట కూడా హోటల్ తెరుస్తున్నాడట. ఇంకేమీ వద్దు, మిగతావి ఆపేసి రోజంతా వేపుడు పొడి ఒక్కటే చేసివ్వమన్నాడు. ఎంత కావాలో చెప్పాడు. నా కళ్ళు పెద్దవయ్యాయి, అబద్ధం ఎందుకు. నేను నోరు తెరిచేలోపు బల్ల చివర నుంచి అత్త అందుకుంది.

"వో అకేలా నహీ ఆతా బాబూ. పొడొక్కతీ రాదు, ముందు అందరూ రావాల."

ఆయనకి సగం అర్థమైంది, సగం కాలేదు. నిలబడే ఉన్నాడు. దీదీ, అక్క, టీచరమ్మ, డబ్బాలు పట్టుకున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆయన వైపే చూస్తున్నారు. బల్ల నిండిపోయి ఉంది. "జరగండే" అంది అత్త. అందరూ డబ్బాలు ఒళ్ళోకి తీసుకుని జరిగారు. ఆయన ఆవిడ పక్కన కూర్చున్నాడు. నేను లోపలికెళ్ళి బియ్యం డబ్బా తెచ్చాను.