తలుపు దాకా నడిచిన రాకుమారి

మొన్న కాలేజీలో పక్కనున్న అమ్మాయి పెన్సిల్ గీత చెరుపుతుంటే, ఆ రబ్బరు వాసనకి షార్జాలో అల్ నహ్దా అనే పేటలోని మా ఫ్లాటు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. కరోనా వల్ల ఫుజైరా పోర్టులో పనిచేసే నాన్నని అక్కణ్ణించి బయటికి వదలడం లేదు. చెల్లి ఆరో పుట్టినరోజుకి సినిమా హాల్లో రాకుమారి బొమ్మల సినిమా చూపిస్తానని ఆయన మాటిచ్చాడు. హాళ్ళూ మూతపడ్డాయి. చెల్లి ఒకటే ఏడుపు.

అలాంటి పాత సినిమాని ఒక్కో బొమ్మా చేత్తో గీసి ఎలా తీశారో టీవీలో చూశాను.

"ఏడవకే, నేను తీస్తా," అన్నాను.

ఏ రెండు బొమ్మల్లోనూ రాకుమారి ఒకేలా వచ్చేది కాదు. చెరిపీ చెరిపీ కాగితం చిరిగేది.

"పాత బొమ్మ మీద కొత్త కాగితం పెట్టి కిటికీ అద్దానికి ఆనించవే. కింది గీత కనిపిస్తుంది," అంది అమ్మ.

ఎండకి అద్దం కాలేది. అయినా మూడు వారాలు గీశాను. ఇన్నాళ్ళు గీశాను గనక సినిమా గంటైనా వస్తుందనుకున్నాను.

పుట్టినరోజున నూట ఇరవై కాగితాలకి క్లిప్పు పెట్టి, బొటనవేలితో తిప్పాను. రాకుమారి నడిచింది, తలుపు తీసింది. ఐదు సెకన్లలో అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"అక్కా, మళ్ళీ తిప్పు!" అంది చెల్లి. పాతికసార్లు తిప్పించుకుంది.

వీడియో కాల్‌లో చూసిన నాన్న, "తలుపవతల ఏముందమ్మా?" అన్నాడు.

"రేపు చెప్తా," అన్నాను.

బాగుందని ఆ రోజు ఎవరూ అనలేదని ఈమధ్యే గమనించాను. చెల్లి మళ్ళీ తిప్పమంది, నాన్న మిగతా కథ అడిగాడు, అంతే. మర్నాడు పొద్దున్నే తలుపవతలి తోట గీయడం మొదలుపెట్టాను.