నొక్కని మీట

తప్పిపోయిన మనుషుల్ని వెతికిపెట్టినవాళ్ల గొప్పతనం గురించి చాలా చదివాను, అలాంటివాళ్లను కొందరిని కలిశాను కూడా. వెతకకుండా ఊరుకున్న మనిషి గొప్పతనం మాత్రం నేను అద్దెకున్న ఇంటి కింది వాటాలోనే చూశాను.

ఆ వాటాలో ఓ తల్లీ, పెద్దకూతురూ ఉండేవారు. పెద్దకూతుర్ని ఆఫీసులో తుడుపక్క అనేవారు. ఎగతాళిగా పుట్టిన పేరే గాని ఆమె కాదనలేదు. ఇంటికి కావలసినవన్నీ ఫోన్లోనే అమ్మే పెద్ద సంస్థ అది. మంచాల దగ్గర్నుంచి మందుల దాకా ఎవరు ఏం కొన్నారో, ఎక్కడికి తెప్పించుకున్నారో, ఏది చూసి చూసి వదిలేశారో అన్నీ దాని కంప్యూటర్లలో ఉంటాయి. ఆ వివరాల్ని జల్లెడపట్టి, ఎవరు ఏం కొనబోతారో ముందే చెప్పే విభాగంలో ఆమె మొదట చేరింది. ఓ ఇంట్లో బిడ్డ పుట్టబోతోందన్న సంగతి చుట్టాలకన్నా ముందు అక్కడ తెలిసిపోయేది. అందులో ఆమెది అందెవేసిన చెయ్యి.

అంత పనిమంతురాలు కోరికోరి ఎవరూ వెళ్లని బల్లకు బదిలీ అడిగింది. 'నా వివరాలు మీ దగ్గర ఉండొద్దు, తీసేయండి' అని ఫోన్ చేసేవాళ్లుంటారు. వాళ్లు వాళ్లేనని తేల్చుకుని, మొత్తం చెరిపేసే బల్ల అది.

"అందరూ పోగేసి పైకొస్తుంటే నువ్వు చెరిపేసి ఏం పైకొస్తావమ్మా?" అన్నాడట మేనేజరు.

"పైనుంచి మీరు చూసుకోడానికి కింద కూడా ఎవరో ఒకరుండాలిగా సార్" అందట ఈమె.

చెల్లెలు ఇల్లు వదిలి వెళ్లిన ఏడాది అది. చెల్లెలు స్నానానికి వెళ్లినప్పుడు ఈమె ఆ పిల్ల ఫోన్ తెరిచి, ఎవరితోనో చెప్పుకున్న మనసులో మాటలన్నీ తల్లికి చదివి వినిపించింది. చెడ్డ ఉద్దేశం కాదు, కంగారు. ఆ పిల్ల తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి అంతా వింది. "నా లోపలికి చెప్పుల్తో వచ్చేశావక్కా" అని ఒక్క మాటంది. మర్నాటికి మనిషి లేదు. నంబరు మారిపోయింది.

అప్పట్నుంచీ తల్లి, ఆఫీసు నుంచి వచ్చిన కూతుర్ని సంచీ కింద పెట్టకముందే అడిగేది.

"కబురేమైనా తెలిసిందే పెద్దదానా?"

"లేదమ్మా."

"ఊరందరి అడ్రసులూ నీ కంప్యూటర్లో ఉన్నాయంటావు. నా కూతురిది ఒక్కటి లేదా?"

"ఉన్నా నాకు కనపడదమ్మా."

"కనపడనిదానికి జీతమెందుకిస్తున్నారే నీకు?"

నిజంగానే కనపడదు. ఆమె ముందున్న తెర మీద పేరూ చిరునామా నల్లటి పట్టీల కింద దాక్కుని ఉంటాయి. ఫోన్ చేసినవాళ్లు తామే ఎప్పుడో పెట్టుకున్న ప్రశ్నకు జవాబు చెబితే చాలు. జవాబు మీద అనుమానం వస్తే మాత్రం 'చూపించు' అనే మీట నొక్కి, పట్టీ తీసి సరిచూసుకోవచ్చు. అనుమానం వచ్చిందో లేదో ఆ కుర్చీలో ఉన్న మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

చెరపడం అంటే గుర్తొస్తుంది. ఎక్కడో కొండల్లో ఓ రాతిగోడ చూశాను. గెలిచిన రాజు ఓడినవాడి పేరును ఉలితో చెక్కి తీసేయించాడు. పేరు పోయింది గాని గుంట మిగిలింది. నాబోటి దిమ్మరి ప్రతివాడూ అక్కడ ఆగి, ఎవరి పేరుండేదో అని ఆలోచిస్తాడు. రాజు చెరిపింది పగతో. తుడుపక్క చెరిపేది అడిగినవాళ్ల కోసం, గుంట కూడా మిగలకుండా. ఇంత సున్నితమైన పని ఓ నెలజీతపు ఉద్యోగం అవుతుందని నేను చదివిన పాత పుస్తకాల్లో ఒక్కటీ ఊహించలేదు.

సరే, అసలు సంగతి. ఓ మధ్యాహ్నం ఓ ఆడగొంతు తన వివరాలన్నీ తీసేయమని అడిగింది. తుడుపక్క తెర మీది ప్రశ్న చదివింది.

"చిన్నప్పుడు మీ ఇంట్లో పెంచుకున్న జంతువు పేరు చెప్పండి."

కాసేపటికి అవతల "దొరసాని" అని వినిపించింది.

దొరసాని వాళ్ల పిల్లి. పాలు గోరువెచ్చగా లేకపోతే మూతి తిప్పుకునేదని అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి పెట్టిన పేరు.

చెల్లెలి చిరునామా ఆ నల్లపట్టీ కింద ఉంది. తల్లి రోజూ అడిగే ప్రశ్నకు జవాబు వేలి కింద ఉంది. చెరిపేస్తే, ఉన్న ఒక్క ఆచూకీనీ తన చేత్తో తుడిచేసినట్టే. జవాబు ఆలస్యంగా వచ్చింది, అనుమానం కలిగింది అని రాసుకుంటే అడిగే దిక్కు లేదు.

"జవాబు సరిపోయిందండి. ఒకసారి చెరిపితే మళ్లీ తేవడం మావల్ల కూడా కాదు. చెరపమంటారా?"

"చెరపండి."

చెరిపేసింది. పని చేసినవారు చివర్లో తమ పేరు చెప్పాలన్నది అక్కడి నిబంధన. చెప్పింది.

"ఇక్కడితో నా ఉద్యోగం అయిపోయిందండి. ఇక నా సొంత మాట. మీవి అడిగే హక్కు నాకు లేదు. నావి చెప్పుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. మేం ఇల్లు మారలేదు. ఇంటి ఫోన్ నంబరు పాతదే. అమ్మకి కుడిచెవి వినపడ్డం మానేసింది, ఎడమ చెవికే ఫోన్ పెట్టుకుంటుంది. ఆ రోజు నేను చేసింది తప్పు. మీరు ఫోన్ చెయ్యకపోయినా మిమ్మల్ని ఎవరూ వెతకరు."

అవతల ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రం తల్లి మామూలుగానే అడిగింది. "చెప్పడానికి నా దగ్గరేం లేదమ్మా" అంది కూతురు.

"అదేం మాటే, లాయర్లా" అని తల్లి గొణుక్కుంటూ లోపలికెళ్లింది.

వానలు తగ్గాక ఓ ఆదివారం ఇంటి ఫోన్ మోగింది. తల్లి తీసి, "ఎవరూ? గట్టిగా మాట్లాడండి" అని వీధి చివరికి వినపడేలా అరిచింది.

"ఎడమ చెవికి పెట్టుకోమ్మా" అంది చిన్నకూతురు.

ఆ తల్లి ఏడ్చింది, నవ్వింది, తిట్టింది, అన్నం తిన్నావా అని అడిగింది. ఫోన్ పెట్టేశాక గాని వెలగలేదు ఆమెకు. చిన్నది వెళ్లేనాటికి తనకు రెండు చెవులూ బాగానే ఉండేవి.

"దానికి నా చెవి సంగతి ఎవరు చెప్పారే?"

"నేనేనమ్మా" అంది పెద్దది.

"అది బతికుందని తెలిసీ నాకు చెప్పలేదా నువ్వు?"

"అది దాని సంగతమ్మా, నాది కాదు. నీ చెవి సంగతి మాత్రం నిన్నడక్కుండా చెప్పేశాను. దానికి తిట్టు, పడతాను."



ఫోన్లో జరిగిందంతా నాకు చెప్పింది చిన్నదే, ఇంటికి వచ్చినప్పుడు మేడమెట్ల మీద కూర్చుని. పెద్దది ఎప్పటికీ చెప్పేది కాదు.

"నమస్కారం అన్నప్పుడే గొంతు పట్టేశాను బాబాయిగారూ. పెట్టేద్దామనుకున్నా. చూస్తుందో లేదో తేల్చుకుందామని ఆగా."

"చూడలేదని నీకెలా తెలుసమ్మా?"

"అక్కడెవరైనా తెరిచి చూస్తే మన ఫోన్‌కి సందేశం వస్తుంది, మీ వివరాలు ఫలానావారు చూశారని. ఇదివరకోసారి వేరే ఆయన చూస్తే వచ్చింది. ఆ రోజు ఫోన్ ఒళ్లో పెట్టుకుని చీకటిపడేదాకా కూర్చున్నా. రాలేదు."

ఆమె ఎక్కడుంటోందో చెప్పలేదు, అక్క అడగలేదు. వచ్చినప్పుడు వస్తుంది, వెళ్లేటప్పుడు గుమ్మందాకా సాగనంపుతారు.

నాకు మాత్రం ఒక అనుమానం మిగిలింది. పెద్దది పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అడిగేశాను. "ఆ 'చూపించు' మీట నొక్కితే చెల్లెలికి సందేశం వెళ్లిపోతుందని భయపడి ఊరుకున్నావా అమ్మాయ్?"

ఆమె చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని నావైపు వింతగా చూసింది.

"సందేశం వెళ్తుందా బాబాయిగారూ? ఆ మీట నేనెప్పుడూ నొక్కలేదే."