బల్ల మీద కాయ పరీక్ష

ఆ రోజు వసారాలో ఉన్నవాళ్ళు: అక్క, బావగారు, అక్క అత్తగారు, మామగారు, మా అమ్మ, పురోహితుడు, కొబ్బరికాయలు ఒలిచే మనుషులు ఇద్దరు, నేను. మొత్తం తొమ్మిది మంది పెద్దవాళ్ళం. మా మధ్య ఆరు నెలల మేనకోడలు. ఆ రోజు ఆమె అన్నప్రాశన.

ఉన్న వస్తువులు: వెండి గిన్నెలో పాయసం, పుస్తకం, పెన్ను, చాకు, పూలు, మామగారి ఉంగరం. ఎనిమిదడుగుల టేకు బల్ల ఒకటి. ఒలవని కొబ్బరికాయ ఒకటి.

ఇదంతా గుర్తుండి రాయడం లేదు. కిటికీలో ఫోను నిలబెట్టి తీసిన నాలుగు నిమిషాల వీడియో చూసి రాస్తున్నాను. గుర్తు మీద నాకు నమ్మకం పోయింది. ఎలా పోయిందో ముందు ముందు చెప్తాను.

అక్క అత్తవారిది మలికిపురం దగ్గర పల్లె. కొబ్బరి వ్యాపారం. ఇంటి ముందు దొడ్డినిండా కాయల రాశులు ఉంటాయి. రోజుకి ఒకటి రెండు ట్రాక్టర్లు వచ్చి కాయలు దింపి వెళ్తాయి. ఆ చప్పుడు మధ్యే పిల్ల పుట్టింది, పెరుగుతోంది.

పిల్ల ఉంగరం పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు అక్క పాయసం గిన్నె పక్కన పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా అంది: "వెనక నుంచి పిలిస్తే చూడట్లేదండీ పిల్ల."

"పాయసం నోట్లో పడ్డాక నన్నే చూట్టం లేదు, నిన్నేం చూస్తాదమ్మా," అన్నారు మామగారు. అందరూ నవ్వారు.

"కాదండీ మావయ్యగారూ. నెల నుంచీ చూస్తున్నాను. కుక్కరు కూతేసినా కదల్దు."

"దానికేం, కాయ పరీక్ష పెట్టేద్దాం," అన్నారు ఆయన.

ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ ఈ పరీక్ష పెట్టారట. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ ఉన్న ఆచారం. పిల్లని బల్లకి ఒక చివర దిండు ఆనించి కూర్చోబెడతారు. వెనకవైపు, బల్ల రెండో చివర, నడుమెత్తు నుంచి ఒక కాయని వదులుతారు. పిల్ల ఉలిక్కిపడితే చెవులు బాగున్నట్టు. మామగారు కాయ వదిలారు. ధనామని పడింది. పిల్ల రెండు చేతులూ విదిల్చి తల తిప్పింది.

"చూసేరా, ఎలా ఉలిక్కిపడిందో!" అత్తగారు అరిచినంత పని చేశారు. "దీనికి చెవుడేంటండీ, మనం గుసగుసలాడినా వింటాది. ఏమ్మా కోడలా, ఇక మీదట నా మీద చాడీలు చెప్పుకునేప్పుడు జాగర్త!"

మళ్ళీ నవ్వులు. వీడియో మరో నిమిషన్నర సాగుతుంది. ఆ నిమిషన్నర గురించి తర్వాత చెప్తాను.

ఆ పరీక్ష మరో రెండుసార్లు జరిగింది. మొదటి పుట్టినరోజున ఒకసారి. అప్పుడు నేను లేను, అక్క ఫోన్లో చెప్పింది. ఏడాదిన్నరప్పుడు ఇంకోసారి. అప్పటికి పిల్ల నోట ఒక్క మాట లేదు. రెండుసార్లూ కాయ పడింది, పిల్ల ఉలిక్కిపడింది.

"డాక్టరు గారికి ఒకసారి చూపిద్దామండీ," అంది అక్క.

"మీ ఆయనకి మూడేళ్ళొచ్చేదాకా మాటలు రాలేదు. ఇప్పుడు చూడు, ఎంత మాట్టాడతాడో!" అన్నారు అత్తగారు.

బావగారు "ఆయ్" అన్నారు. అక్కడితో సరి.

మా వైపు మర్యాద చాలా ఎక్కువ. పెద్దవాళ్ళు ఏదన్నా అంటే "ఆయ్" అంటాం. ఎదురు చెప్పాల్సి వచ్చినా ముందు "ఆయ్" అని, తర్వాత చెప్దామనుకుంటాం. ఆ తర్వాత అనేది రాదు. కొడుకు తండ్రికి ఆయ్ అన్నాడు. కోడలు అత్తకి ఆయ్ అంది. మా అమ్మ వియ్యపురాలికి ఆయ్ అంది. పిల్ల పుట్టాక ఇరవై ఐదు నెలలు ఇలాగే గడిచిపోయాయి. ఒక్కరు గొంతు పెంచి ఉంటే కాకినాడ పెద్దాసుపత్రి రెండున్నర గంటల దారే.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదివాను. తాటిపాక దగ్గర ఒక ప్లాంట్లో పంపుల వణుకు కొలవడం నా పని. చేతిలో పట్టే మీటరు, దానికో వైరు, వైరు చివర అయస్కాంతం ఉన్న సెన్సారు. పంపు మోత ఎంతుందో చెవికి తెలుస్తుంది, కానీ బేరింగ్ చెడిందో లేదో వణుకు చెప్తుంది. మోత వేరు, వణుకు వేరు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నాకు నేర్పింది ఇదే. నేను జీతం తీసుకునేది ఈ తేడా తెలిసినందుకే.

పిల్లకి రెండేళ్ళ ఒక నెల ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి, బ్యాగుతోనే అక్క ఇంటికి వెళ్ళాను. పిల్ల చీర ఉయ్యాలలో కూర్చుని దారప్పోగు ఒకటి లాగుతోంది. దొడ్డిలో ట్రాక్టరు ట్రక్కు వెనక తలుపు తీశారు. వెయ్యి కాయలు ఒక్కసారిగా దిగాయి. నేను ఉలిక్కిపడ్డాను. పిల్ల రెప్ప వెయ్యలేదు. దారం లాగుతూనే ఉంది.

కాసేపటికి అక్క పిల్లని బల్ల మీద కూర్చోబెట్టింది. కాయలు ఒలిచే మనిషి వచ్చి చేతిలో ఉన్న నాలుగు కాయలు బల్ల చివర పడేశాడు. పిల్ల గిరుక్కున తిరిగింది.

బ్యాగు తెరిచాను. బల్ల కాలికి కొట్టిన ఇనప పట్టీకి సెన్సారు అతికించాను. కాయ వదిలాను. మీటరు స్కేలు దాటిపోయింది. పిల్ల ఉలిక్కిపడింది. తర్వాత పిల్లని ఉయ్యాలలో కూర్చోబెట్టమన్నాను. అదే కాయ, అదే ఎత్తు, అదే బల్ల, బల్లకీ ఉయ్యాలకీ మధ్య మూడడుగులు. కాయ వదిలాను. ఏమీ లేదు. మళ్ళీ వదిలాను. మళ్ళీ. మూడుసార్లకి మూడుసార్లూ పిల్ల చూపు దారం మీదే.

చప్పుడుకి మామగారూ అత్తగారూ వచ్చి నిలబడ్డారు.

"నిద్రమత్తులో ఉందండీ," అన్నారు అత్తగారు.

"యంత్రం తెచ్చి మా పిల్లని చెవిటిదంటారేంటండీ అబ్బాయిగారూ?" అన్నారు మామగారు.

"యంత్రం కాదండీ అంటున్నది, మీ కాయే అంటంది! బల్ల ఊగితే ఒంటికి తెలిసిందండీ పిల్లకి. చెవికి కాదు. మూడుసార్లు మీరు చూసింది ఒళ్ళు బాగుందా అని!"

ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదలు. అక్క ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. "రేపే వెళ్తాం," అంది. ఎవరినీ అడగలేదు.

కాకినాడలో పిల్లకి నిద్రమందు ఇచ్చి నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్ళలు అతికించారు. చెవిలో టకటకమని శబ్దాలు పంపుతారు. ఆ శబ్దం నరం వెంట మెదడు అడుగు వరకు వెళ్ళే దారిలో ఒక్కో మజిలీ దగ్గర ఒక్కో చిన్న అల తెర మీద లేవాలి. నేను తెర వైపే నిలబడ్డాను. గ్రాఫులు చదవడం నాకు వచ్చు. శబ్దం పెంచారు. ఇంకా పెంచారు. గీత గీతలాగే ఉంది. కుడి చెవి, ఎడమ చెవి, రెండూ.

డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలుంటాయి. శబ్దానికి అవి వంగుతాయి, వంగితే కరెంటు పుడుతుంది, ఆ కరెంటు నరంలోకి వెళ్తుంది. మా సెన్సారులో స్ఫటికం ముక్క మీద ఒత్తిడి పడితే కరెంటు పుట్టినట్టే. చర్మంలోనూ వణుకు పట్టే నరాలున్నాయి, వాటి దారి వేరు. నరం పంపేది ఎక్కడైనా ఒకే రకం కరెంటు దెబ్బలు. అది చప్పుడా, స్పర్శా అన్నది ఏ తీగ మీద వచ్చిందన్నదాన్ని బట్టి మెదడు తేల్చుకుంటుంది. బల్ల మీద కాయ పడినప్పుడు మా పిల్లకి రెండో తీగ పనిచేసింది. మొదటిదానికి పుట్టుకతోనే కరెంటు అందడం లేదు, ఆ కణాలే చెడ్డాయి.

ఆయన తర్వాత చెప్పింది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మాట నేర్చుకోవడం అంటే, వినే న్యూరాన్లు ఒకదానికొకటి తగులుకుని గట్టిపడటం. "అమ్మ" అన్న శబ్దం వెయ్యిసార్లు వస్తే ఒక దారి పడుతుంది. ఆ శబ్దమే రాకపోతే ఆ న్యూరాన్లు ఖాళీగా కూర్చోవు. చూపు, స్పర్శ వచ్చి ఆ చోటు వాడుకోవడం మొదలుపెడతాయి. మా వైపు శివారు పొలానికి కాలవనీళ్ళు అందకపోతే రైతు నాలుగేళ్ళు చూసి రొయ్యల చెరువు తవ్వేస్తాడు. ఆ తర్వాత నీళ్ళొచ్చినా ఆ నేలలో వరి పండించడం ఎంత కష్టమో ఇక్కడ అందరికీ తెలుసు. నీళ్ళ కోసం ధర్నాలు చేస్తారు. పిల్ల చెవి కోసం ఒక బస్సెక్కలేదు.

"ఇంకా ముందొస్తే బాగుండేదండీ," అన్నారు డాక్టరు గారు. ఆ మర్యాద మీద కూడా నాకు కోపం వచ్చింది.

తిరిగొచ్చాక పలకరింపులు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళందరికీ అత్తగారు ఒకే మాట చెప్పేవారు: "నేను అన్నప్రాశన నాడే చెప్పేనండీ, కాకినాడ తీసుకెళ్ళండని. పిల్లలు విన్నారు కాదు."

మూడో రోజు ఆ మాట నా ఎదురుగా అన్నారు. వియ్యపురాలి ముందు, అంటే మా అమ్మ ముందు.

"మీరు చెప్పలేదండీ అత్తయ్యగారూ," అన్నాను.

"ఎందుకు చెప్పలేదూ? నాకు బాగా గుర్తు. నీలం చీర కట్టుకున్నాను. ఈ గుమ్మంలో నుంచుని చెప్పేను."

నేను ఫోను తీశాను. వీడియో పెట్టాను. ఆవిడ కట్టుకున్నది నీలం చీరే. గుమ్మంలో నిలబడిందీ నిజమే. చెప్పింది మాత్రం చాడీల గురించి. "ఇదిగో, వినండి," అంటూ నేను ఆపకుండా సాగనిచ్చాను. నిజానికి అప్పటిదాకా ఆ వీడియో చివరి వరకు నేనెప్పుడూ చూడలేదు.

కాయ పడ్డాక, నవ్వులయ్యాక, అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా తమ్ముడూ. యంత్రాలు చూస్తావు కదా. నిజంగా విందంటావా?"

తెర మీద నేను, ఇస్త్రీ చొక్కాలో, చేతులు కట్టుకుని అన్నాను: "సౌండ్‌కి రెస్పాన్స్ బాగుందక్కా. అనుమానం అక్కర్లేదు."

అప్పటివరకు నా జ్ఞాపకం వేరు. నేను వెనకాల స్తంభం దగ్గర నిలబడ్డాను, నాకు అనుమానం కలిగింది, పెద్దవాళ్ళ ముందు నోరెత్తలేదు. ఇదీ నా గుర్తు. స్తంభం చల్లదనం వీపుకి తగిలినట్టు కూడా గుర్తు. వీడియోలో నేను స్తంభం దగ్గర లేను. బల్ల పక్కనే ఉన్నాను. కాయ పడినప్పుడు నా అరచెయ్యి బల్ల మీద ఆనించి ఉంది. ఆ వణుకు నా చేతికీ తగిలే ఉంటుంది.

జ్ఞాపకం బీరువాలో దాచిన కాగితం కాదని తర్వాత చదివాను. గుర్తు చేసుకున్న ప్రతిసారీ న్యూరాన్లు దాన్ని కొత్తగా కూర్చి మళ్ళీ దాస్తాయట. ఇవాళ్టి భయం, ఇవాళ్టి సిగ్గు అందులో కలిసిపోతాయట. అంటే అత్తగారు అబద్ధం ఆడలేదు. నేనూ ఆడలేదు. ఇది తెలిసినందువల్ల కోపం ఏమీ తగ్గలేదు. ఎనిమిది మంది మీద ఉన్నదాన్ని తొమ్మిది మంది మీదకి పంచాను. తొమ్మిదోవాడి వాటా ఎక్కువ. మిగతావాళ్ళకి మోతకీ వణుకుకీ తేడా తెలియదు.

"నీకు ఇది గుర్తుందా?" అని ఆ సాయంత్రం అక్కని అడిగాను.

"ఉంది," అంది. "నువ్వు చెప్పేవు కాబట్టే మూణ్ణెల్లు నేను ఎవర్నీ అడగలేదు."

"మరి ఇన్నాళ్ళూ అనలేదేం?"

"అంటే చెవులొస్తాయేంట్రా?"

ఆమె లేచి వెళ్ళి పిల్లకి అన్నం పెట్టింది.

పిల్లకి రెండేళ్ళ ఎనిమిది నెలలప్పుడు ఆపరేషన్ చేశారు. చెవి వెనక ఎముకలో ఒక పరికరం, లోపలి చెవిలోకి సన్నటి తీగ. చెడిన కణాలని దాటి ఆ తీగే నరానికి కరెంటు ఇస్తుంది. నెల తర్వాత బయటి మిషను తగిలించి ఆన్ చేశారు. పిల్ల ఏడ్చి, మిషను పీకి పారేసింది. వారం రోజులు పీకుతూనే ఉంది.

"మిషను పెట్టేరు కదండీ, మాట్టాడదేం?" అని అడగని చుట్టం లేరు. కరెంటు అందడం ఒకటి, దానికి అర్థం కట్టుకోవడం ఇంకొకటి అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాను. "మీ పిల్లకి ఇవాళ కొత్త భాష రేడియోలో వినిపిస్తా, రేపటికి నేర్పించండి" అని ఒకాయనతో అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు.

ఇప్పుడు అక్క రోజుకి రెండు గంటలు పిల్ల ఎదురుగా కూర్చుంటుంది. వస్తువు ముందు చూపించకూడదు. ముందు మాట అనాలి, చెవికి అందనివ్వాలి, తర్వాత చూపించాలి. "నీళ్ళు" అని నాలుగుసార్లు, తర్వాత గ్లాసు. మాట నేర్పే మేడమ్ ఇచ్చిన షీటులో పిల్ల అన్న ప్రతి మాటా రాయాలి. ఆ షీటు నా పని. మొదటి మాట అమ్మ అవుతుందని అందరూ అనుకున్నారు. "పో" అంది. తాతగారితోనే అంది. ఆయన నవ్వి, తర్వాత లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నిన్న పక్కింటి పిల్ల సైకిలు తొక్కుకుంటూ దొడ్డిలోకి వచ్చింది. ఇద్దరిదీ ఒకే వయసు, వారం తేడా. మా పిల్ల హ్యాండిలు పట్టుకుంది.

"నా సైకిలు ఎందుకు ముట్టుకున్నావ్? మా నాన్నకి చెప్పేస్తా. ఆయనొచ్చి నిన్ను కాలవలో పడేస్తారు తెల్సా!" అంది ఆ పిల్ల, ఊపిరి తీసుకోకుండా.

మా పిల్ల నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. వెతుక్కుంటోందని తెలుస్తోంది. చివరికి "నా," అంది. ఆ తర్వాతది దొరకలేదు. హ్యాండిలు వదిలేసింది. బావగారు వసారాలోంచి చూస్తున్నారు. ఆయన నన్ను అడిగారు, మొదటిసారి, సూటిగా: "ఇది షీట్లో రాస్తారా?"

రాశాను. నిన్నటికి వయసు నలభై మూడు నెలలు. మాటలు పంతొమ్మిది.