నల్లబడిన సీసా

తొంభైల చివర్లో నేను మేడ్చల్‌లో ఒక నీటి పరీక్షల కేంద్రంలో పనిచేసేదాన్ని. చుట్టుపక్కల ఊళ్లలో బోరింగుల నీళ్లు పట్టి పరీక్షించడం నా పని.

శామీర్‌పేట చెరువు కింద చేపలు పట్టేవాళ్ల వాడ ఒకటుండేది. అందరికీ ఒకటే బోరింగు. వానలు మొదలయ్యాక ఒకరోజు వెళ్లి, మందు కాగితం వేసిన చిన్న సీసాలో ఆ నీళ్లు నింపాను. రెండు రోజులు కదపకుండా ఉంచాలి. నల్లబడితే నీళ్లలో మురికి కలిసినట్టు. బోరింగు పక్కింటి అవ్వ చేతికిచ్చాను.

"మూత తియ్యకండి అవ్వా. ఎల్లుండి వస్తాను."

"మంచిగ సూస్కుంట తీ బిడ్డా," అంది.

నల్లబడితే ఆ నీళ్లు తాగొద్దని చెప్పడం కూడా నా పనే. ఇంతలో బస్సు కనబడింది. అది పోతే మళ్లీ గంటకు గానీ లేదు. ఎల్లుండి ఎలాగూ వస్తాను కదా, అప్పుడు చెప్పొచ్చులే అని పరుగెత్తాను.

ఎల్లుండి వెళ్లలేదు. గాజులరామారంలో మా ఇంటికి చుట్టాలొచ్చారు, సెలవు పెట్టాను. నా బదులు ఇంకెవరినైనా పంపమని ఆఫీసులో చెప్పాలని తోచనే లేదు.

నాలుగో రోజు వెళ్లేసరికి అవ్వ లోపలినుంచి, గుడ్డలో చుట్టిన సీసా తెచ్చింది. నీళ్లు సిరాలా ఉన్నాయి.

"మొన్ననే నల్లగైంది బిడ్డా. భద్రంగ పెట్టిన. మూత ముట్టలే."

అప్పగించిన పని సరిగ్గా చేశానన్న తృప్తి ఆమె ముఖంలో.

"ఈ నీళ్లే తాగుతున్నారా అవ్వా?"

"ఇంకేడున్నయి? గీ మనుమరాలికే పానం మంచిగ లేదు. నిన్నటి సంది ఒకటే వాంతులు, మోషన్లు. పరేషాన్ అయితున్నం."

ఐదేళ్ల పిల్ల. చాప మీద కళ్లు లోతుకుపోయి పడుంది. ఆటో పిలిచి, నా ఒళ్లోనే పడుకోబెట్టుకుని మేడ్చల్ సర్కారు దవాఖానాకు తీసుకెళ్లాను. సెలైన్ ఎక్కించారు. మూడో రోజుకు లేచి కూర్చుంది.

"నువ్వు జల్దీ తోల్కచ్చినవ్ గాబట్టి దక్కింది బిడ్డా," అని అవ్వ నా చేతులు పట్టుకుంది.

బోరింగు చుట్టూ పగిలిన గచ్చు బాగు చేయించాం, బ్లీచింగ్ వేయించాం. రిపోర్టులో 'నల్లబడినట్టు గమనించిన రోజు' అన్న గడిలో నేను వెళ్లిన తేదీ వేశాను. అవ్వ చెప్పిన 'మొన్న' అందులో లేదు.

ఆ తర్వాత ఏ ఊరికెళ్లినా సీసా ఇచ్చేముందే, నల్లబడితే ఆ నీళ్లు తాగొద్దని చెప్పేదాన్ని. అవ్వకు మాత్రం నా తప్పు చెప్పలేకపోయాను. చాలా ఏళ్లు ఆ వాడకు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా అవ్వ మనుమరాలిని పిలిచి, "నిన్ను బతికిచ్చిన మేడం ఈమెనే," అనేది. నేను పిల్ల తల నిమిరి, గబగబా బోరింగు వైపు నడిచేదాన్ని.