సాసేజుల పెట్టెతో తూటా డొప్పల యంత్రం

అమెరికాలోని మోంటానాలో పెట్రోలు బంకు పక్కన ఏళ్ల తరబడి చిన్న హోటలు నడిపిన ఆర్డిస్ హేగన్, పాడైన పొయ్యిని మరొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. అన్నీ తనే విప్పి, తనే తిట్టి, తనే బిగించేది. బంకు మూతబడినప్పుడు ఇంటికి మోసుకొచ్చింది ఒక్కటే, సాసేజులను దొర్లిస్తూ కాల్చే పెట్టె.

"దీంతో ఏం చేస్తావే?" అన్నాడు మొగుడు మెర్ల్.

"నోరు మూసుకుని చూస్తూ ఉండు" అంది.

అసలు గొడవంతా ఆమె తాత వాడిన తుపాకీది. దాని కొలతకు ఇత్తడి తూటా డొప్పలు చేసేవాళ్లు ఇప్పుడు లేరు. పేలిన డొప్పలోనే మళ్లీ మందు పోసి, సీసపు గుండు పెట్టి వాడుకోవాలి. పేలేకొద్దీ డొప్ప మూతి బిరుసెక్కి, ఏదో ఒక రోజు చీలుతుంది. నిరుడు రెండు చీలాయి. ఇక ఉన్నవి ఇరవై. ఊళ్లో ఏటా జరిగే పోటీలో, ఎనిమిది వందల గజాల అవతల నిలబెట్టిన ఇనుప దున్న మీద కాల్చాల్సిన గుండ్లూ ఇరవయ్యే.

"ఈసారి ఆ తుపాకీ పోటీ పూర్తి చేయలేకపోతే గోడకు తగిలించేద్దాం. దుమ్ము దులిపే పని నాది" అన్నాడు మెర్ల్.

గోడకా! జింక కొమ్ముల పక్కన బొమ్మలాగానా! ఆర్డిస్‌కు ఒళ్లు మండిపోయింది. "సరే, పందెం" అనేసింది.

బిరుసెక్కిన మూతిని మంటలో కాసేపు కాచితే మెత్తబడుతుంది. చేత్తో కాచితే ఒకటి మాడుతుంది, ఇంకొకటి పచ్చిగా ఉంటుంది. అన్నింటికీ ఒకే సెగ తగలాలంటే యంత్రమే కావాలి. సాసేజుల పెట్టె మోటారుకు కేకు కాల్చే గుండ్రటి రేకు బిగించి, రేకు అంచున గాడి కోసింది. గాడిలో పడిన డొప్ప గ్యాసు మంట ముందు గిరగిరా తిరిగి, అవతల పళ్లెంలో టింగుమని పడాలి. ముందు మెర్ల్ కొత్త తుపాకీ డొప్పలు వేసి చూస్తే అచ్చంగా అలాగే పడ్డాయి! ఆర్డిస్ గెంతిన గెంతుకు కుక్క బయటికి పరుగెత్తింది.

కాఫీకి వచ్చిన పక్కింటి డ్వేన్ పగలబడి నవ్వాడు. "రెండు సాసేజులు ఇటు పారెయ్ ఆర్డిస్, ఆకలేస్తోంది."

"ముందు నీ నాలుక కాలుస్తాను, ఆగు" అంటూ తాత తుపాకీ డొప్పల్లో మొదటిది వేసింది.

అది గాడిలో ఇరుక్కుంది. మంట ముందే ఆగిపోయింది. చూస్తుండగానే అడుగుదాకా ఎర్రగా కాలిపోయింది. అడుగు మెత్తబడిన డొప్పను తుపాకీలో పెడితే ప్రాణం మీదికి వస్తుంది. గ్యాసు కట్టేసి ఆర్డిస్ నెత్తి కొట్టుకుంది. పాత డొప్పకు అడుగున వెడల్పాటి అంచు ఉంటుంది, కొత్తవాటికి ఉండదు. "ఇన్నేళ్లుగా ఆ అంచు పట్టుకునే కదా లాగుతున్నాను! నా బుర్రకేమొచ్చింది!"

డ్వేన్ కూడా నవ్వలేదు. ఆమె ఆకురాయి తీసుకుని గాడి వెడల్పు చేసింది. రెండో డొప్ప వేసింది. తిరిగింది. టింగ్! మిగతావన్నీ వరసగా టింగ్, టింగ్!

పోటీ నాడు మిగిలిన పందొమ్మిదీ పేల్చి ఆర్డిస్ ఆగింది. గడియారం పట్టుకున్నవాడు డ్వేనే. "ఇంకొకటి బాకీ. ఐదు నిమిషాలున్నాయి. లేదంటే తుపాకీ దించెయ్."

పేలిన డొప్పను అక్కడే మళ్లీ నింపుకోవడం ఆ పోటీలో పాత అలవాటే. కానీ తుడిచి, నింపి, వెంటనే పేల్చడమంటే బిరుసు మూతి తట్టుకోదు. ఆర్డిస్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వెనక బల్ల దగ్గరికి పరుగెత్తి, మొదట పేలిన డొప్పను తుడిచి మందు పోసింది.

"మూడు నిమిషాలు" అన్నాడు డ్వేన్.

"అరవకు, ఒలుకుతుంది!"

గుండును బొటనవేలితో నొక్కితే వెన్నలో దిగినట్టు దిగింది. మూతి అంత మెత్తగా ఉంది! ఆర్డిస్ పకపకా నవ్వింది.

"ముప్పై సెకన్లు!"

ధడేల్! పొగలో దున్న కనిపించలేదు. గుండు అంత దూరం చేరి, దాని చప్పుడు తిరిగి రావాలంటే సమయం పడుతుంది. అందరూ చెవులు రిక్కించారు. ఆర్డిస్ మాత్రం అటు చూడనే లేదు. కాలుతున్న డొప్పను చొక్కా అంచుతో లాగి, మూతి చుట్టూ గోరు తిప్పుతోంది.

ఠంగ్!

జనం కేకలు పెట్టారు. "చీలలేదు మెర్ల్! చీలలేదు!" అని ఆర్డిస్ అంతకంటే గట్టిగా అరిచింది.

"దున్నకు తగిలిందమ్మా తల్లీ! అది చూడు ముందు!" అన్నాడు డ్వేన్.

"నీ దున్నను నువ్వే చూసుకో!"

మెర్ల్ కళ్లజోడు పెట్టుకుని డొప్పను అందుకున్నాడు. మూతి చుట్టూ రెండుసార్లు వేలు తిప్పి చూశాడు. ఇంకోసారి తిప్పాడు. "డ్వేన్, వచ్చే ఏడాది పోటీకి మా ఆవిడ పేరు ఇప్పుడే రాసుకో" అన్నాడు.