సత్కిన్ మాస్టారు దాటేసిన పాఠం

కిర్గిజ్ దేశంలో నరిన్ పట్నానికి పైనున్న ఆ కొండ ఊళ్లో చదువుకున్న వాళ్లనెవరినైనా అడగండి, జడత్వానికీ ద్రవ్యవేగానికీ తేడా చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు, సత్కిన్ తాతది. ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పాడు. ఏటా ఆ పాఠం దగ్గరికి రాగానే ఆయనకు దగ్గు వచ్చేది. సుద్దముక్క కింద పెట్టి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అనేవాడు. ఇంటి దగ్గర ఎవరు చదువుతారు? ఆయన సొంత మనవలే చదవలేదు.

ఆ దగ్గు పక్కింటి ఎసెంకుల్ కుంటికాలి వల్ల వచ్చింది.

తాత బడిలో చేరిన తొలి చలికాలం ఇద్దరూ కొండమీది గడ్డిని చక్రాల్లేని మంచుబండిపై దించుతున్నారు. ముందు కర్రల మధ్య ఎసెంకుల్, వెనక తాడు పట్టుకుని తాత. బండి అడుగుభాగం మంచుకు అతుక్కుపోయింది. తాత భుజం ఆనించి తోశాడు. మెదల్లేదు. మళ్లీ తోశాడు. ఒక్క ఉదుటున కదిలింది. అక్కడితో ఆగి తాడు బిగబట్టాలి. కదిలిందన్న సంబరంలో ఇంకో నాలుగడుగులు తోశాడు. తాడు చేజారింది. బండి ఎసెంకుల్ మోకాలి మీదుగా పోయింది.

"కాలు జారాడు" అంది ఊరు. తాత కాదనలేదు. అప్పటినుంచి ఎసెంకుల్‌ను ఎవరూ బండి ముట్టుకోనివ్వలేదు. జారుడు ఎసెంకుల్ అన్న పేరు ఖాయమైపోయింది. తాత మాత్రం చనిపోయినవాళ్ల పేరిట శుక్రవారం వేయించే బోర్సోక్ రొట్టెల్లో సగం వాళ్లింటికి మోసుకెళ్లేవాడు. వాటితో మోకాలు అతుకుతుందన్నట్టు!

నిరుటి చలికాలం, ఆ రొట్టెలే నములుతూ ఎసెంకుల్ నిట్టూర్చాడు.

"నా మనవడు కూడా, పక్కకుండు తాతా, జారతావు అంటున్నాడు తమ్ముడూ."

ఈసారి తాతకు దగ్గు రాలేదు. "నువ్వు జారలేదన్నా. నేను తోశాను. కదిలాక కూడా తోశాను."

"మొరాయిస్తే తోయాలిగా?"

"మొరాయించడం జడత్వం. కదిలాక ఆగనని మొండికేయడమూ అదే. అది బరువును బట్టి ఉంటుంది, నిలబడ్డ బండికైనా ఉంటుంది. ద్రవ్యవేగం అలా కాదు. బరువుకు వేగం తోడైతేనే వస్తుంది, నిలబడితే సున్నా. నేను తోసిన ప్రతి అడుగూ దాన్ని పెంచి నీ మీదికి పంపింది. తెలియక కాదన్నా. అంతకు ముందు వారమే పిల్లలకు చెప్పాను."

ఎసెంకుల్ చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"కాలు పోతే పోయిందిరా. ఇన్నేళ్లూ నా పెళ్లాం కూడా జారుడుగాడా అని పిలిచింది. అప్పుడు నీ నోరేమైంది?"

ఎసెంకుల్ రొట్టె పక్కన పెట్టి లేచాడు.

"లే. కోటేసుకో."

కింద గడ్డివాముల దగ్గర ఊరంతా పనిలో ఉంది. కొండమీద కొంచెం గడ్డేసిన బండి ముందు తాతను నిలబెట్టి, ఎసెంకుల్ వెనక్కి వెళ్లాడు.

"మాస్టారూ, ఇప్పుడు దీని ద్రవ్యవేగమెంత?"

"సున్నా."

"మరి వణుకుతున్నావేం?"

"వెనక నువ్వున్నావు గనక."

ఎసెంకుల్ ఒక్కటే తోపు తోశాడు. బండి కదిలీ కదలగానే మంచికాలు మంచులో దిగేసి, వెనక్కి వాలి, తాడు బిగించాడు. అడుగులో అడుగు వేయిస్తూ తాతను గడ్డివాముల దాకా దింపాడు. జనం చేతిలో పని ఆపి చూస్తున్నారు. తాత కర్రలు వదిలి టోపీ తీశాడు.

"ఆ రోజు ఎసెంకుల్ అన్న జారలేదు. నేను తోశాను."

"గట్టిగా చెప్పరా," అన్నాడు ఎసెంకుల్, తాడు ఇంకా వదలకుండా. "మా ఆవిడకు చెవుడు."